రసీదు లేని కానుక

పేదవాడు దేవుడికి ఏదో చిన్న కానుక ఇస్తాడు. దేవుడు పొంగిపోతాడు. క్రిస్మస్ కథల్లో చాలావరకు ఈ రెండు వాక్యాల్లో ఇమిడిపోతాయి. డిసెంబరు వస్తే చాలు, ఏ మాల్‌లోకి వెళ్ళినా వినబడే 'ద లిటిల్ డ్రమ్మర్ బాయ్' పాటే తీసుకోండి. అమెరికాలో పిల్లలకి సంగీతం చెప్పిన కాథరిన్ డేవిస్ 1941లో రాసిన పాట. అందులో కుర్రాడి దగ్గర డ్రమ్ము తప్ప ఇంకేమీ లేదు. వాయించనా అని అడుగుతాడు, తల్లి తలూపుతుంది, కొట్టంలో పశువులు తాళం వేస్తాయి, చివరికి పసివాడు నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే పాటంతా. అది తీసేస్తే మిగిలేది నిద్రపోతున్న బాలింత పక్కన డ్రమ్ము వాయించే పిల్లాడు. ఇంట్లో చంటిపిల్లలున్న వాళ్ళకి ఆ దృశ్యం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

పదేళ్ళ తర్వాత, 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఎన్‌బీసీ టీవీలో జాన్ కార్లో మెనోటీ ఒపేరా 'అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్' వచ్చింది. అమెరికాలో టీవీ కోసమే రాసిన మొదటి ఒపేరా అది. అవిటి పిల్లవాడు అమాల్, వితంతువైన తల్లి, రాత్రి వాళ్ళింట్లో బస చేసిన ముగ్గురు రాజులు. రాజులు పసివాడి కోసం తీసుకెళ్తున్న బంగారంలో కొంచెం ఆ తల్లి దొంగిలిస్తుంది. కొడుకు ఆకలి చూడలేక. పట్టుబడుతుంది. రాజులు ఉంచుకోమంటారు, ఆమె తిరిగిచ్చేస్తుంది. అప్పుడు అమాల్ తన చేత్తో తాను చేసుకున్న చంకకర్రని ఆ పసివాడికి కానుకగా తీసుకెళ్ళమంటాడు. ఇక్కడిదాకా అద్భుతం. ఆ మరుక్షణంలోనే వాడికి కాళ్ళు వచ్చేస్తాయి! ఇచ్చింది కర్ర, వచ్చింది కాళ్ళు. నాకు ఈ ఒపేరా ఇష్టమే. అయినా ఆ చోట ప్రతిసారీ ఏదో చేజారినట్టు ఉంటుంది. ఆ కర్ర ఇచ్చేసి వాడు కుంటుకుంటూ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే అది ఎంత పెద్ద కానుక అయ్యేది! కాళ్ళొచ్చాక ఆ కర్ర వాడికి అక్కర్లేని వస్తువు.

ఇంకా వెనక్కి వెళ్ళినా ఇదే వరస. అనతోల్ ఫ్రాన్స్ కథలో గారడీవాడు మఠంలో చేరతాడు. లాటిన్ రాదు, బొమ్మలు గీయడం రాదు. ఎవరూ లేనప్పుడు మేరీమాత విగ్రహం ముందు తనకొచ్చిన గారడీ చేస్తాడు. విగ్రహం దిగొచ్చి వాడి నుదుటి చెమట తుడుస్తుంది. హెన్రీ వాన్ డైక్ 'ద అదర్ వైజ్ మాన్'లో నాలుగో జ్ఞాని ఆర్తబాన్ పసివాడి కోసం తెచ్చిన నీలాన్నీ, కెంపునీ, ముత్యాన్నీ దారిలో కష్టాల్లో ఉన్నవాళ్ళకి ఖర్చుపెట్టేస్తాడు, ముప్ఫై మూడేళ్ళు వెతికినా దేవుణ్ణి అందుకోలేడు. చచ్చిపోయేముందు ఒక గొంతు వినబడుతుంది: వాళ్ళకి చేసిందంతా నాకు చేసినట్టేనని. టాల్‌స్టాయ్ చెప్పులు కుట్టే మార్టిన్‌కీ ఆ సాయంత్రం అదే మాట అందుతుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయం ఈ కథకులందరికీ ఒక రసీదు పుస్తకంలా పనికొచ్చింది. చివరి పేజీలో చింపి ఇచ్చేస్తారు.

మన దగ్గర మాత్రం? తిన్నడు కన్ను పెకలిస్తే శివుడు చెయ్యి పట్టుకుంటాడు. కుచేలుడు అటుకులిస్తే ఇంటికెళ్ళేసరికి మేడ. ఇక రామదాసు కథలో అయితే అక్షరాలా రసీదే ఉంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టాడు, గోల్కొండ జైల్లో పడ్డాడు. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టి, చెల్లు రాయించుకుని, ఆ కాగితాన్ని ఖైదీ తల దగ్గర పెట్టి వెళ్ళారని కథ. జైల్లో ఆయన పాడుకున్నట్టు చెప్పే కీర్తనల్లో ఏ నగకి ఎంతైందో లెక్కలు చెప్పి రాముణ్ణి దులిపేసేది కూడా ఉంది. భక్తి సాహిత్యంలో ఇంత నిజాయితీగా బిల్లు పెట్టిన భక్తుడు ఇంకొకరు నాకు కనబడలేదు.

ఇవన్నీ గుర్తుచేసుకోవడానికి కారణం ఒక చిన్న కవిత. అయిదు చరణాలు. క్రిస్టీనా రోసెటీ రాసింది. 1872 జనవరిలో అమెరికాలో 'స్క్రిబ్నర్స్ మంత్లీ' అనే పత్రికలో 'ఎ క్రిస్మస్ కారల్' అన్న పేరుతో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా దాన్ని 'ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్' అంటుంది. సికింద్రాబాదులోనో, విశాఖలోనో ఇంగ్లీషు ఆరాధన జరిగే చర్చిలకి వెళ్ళేవాళ్ళకి ఈ పాట చెవిన పడే ఉంటుంది. కానుక కథలన్నిట్లో రసీదు లేనిది ఇదొక్కటే అని నా వాదన. దేవుడు నవ్వడు. విగ్రహం కదలదు. కాళ్ళు రావు. ఇస్తానన్న మాట దగ్గర కవిత ఆగిపోతుంది. పుచ్చుకున్నారో లేదో మనకి తెలీదు.

ఈ పాట అంటే చాలామందికి ఒక చిన్నచూపు ఉంది. చివర్లో హృదయం ఇచ్చేస్తాననడం గ్రీటింగ్ కార్డు సెంటిమెంటు అని. చివరి చరణాన్ని విడిగా చదివితే అలాగే ఉంటుంది, నిజమే. కానీ అక్కడికి ఆమె ఎలా వచ్చిందో చూడాలి.

మొదటి చరణంలో దేవుడు లేడు, పసివాడు లేడు, మనుషులే లేరు. చలి ఉంది. నేల లోహంలా, నీళ్ళు రాయిలా బిగుసుకుపోయాయి. మంచు అన్న ఒక్క పదమే మళ్ళీ మళ్ళీ వచ్చి పేరుకుంటుంది, నిజంగా మంచు పేరుకున్నట్టే. బెత్లెహేములో ఇంగ్లండు మంచేమిటని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. ఆమె భూగోళం తెలియక రాయలేదు. ఏదీ మొలవని, ఏదీ ఇవ్వలేని నేల ఆమెకి కావాలి. ఆ నేల మీద కానుక అన్న మాటే అసాధ్యంగా కనబడాలి. మన కవులైతే ఇదే పనికి రోహిణీకార్తె ఎండలో పగుళ్ళిచ్చిన చెరువుని తెచ్చుకునేవాళ్ళు.

రెండో చరణం ఒక్కసారిగా ఆకాశంలోకి వెళ్తుంది. ఆకాశాలకే పట్టని దేవుడు. రాజుల మొదటి గ్రంథం 8వ అధ్యాయంలో సొలొమోను గుడి కట్టి, ఆకాశాలకే పట్టనివాడికి ఈ ఇల్లేం సరిపోతుందని అడుగుతాడు. రోసెటీ ఆ ప్రశ్నని తలకిందులు చేస్తుంది. ఆయనకి పశువుల కొట్టం సరిపోయింది. 'సరిపోవడం' అన్న ఈ మాటే కవితకి ఇరుసు. మూడో చరణంలో అదే మాట ఇంకా కిందకి దిగుతుంది. దేవదూతలు పడిగాపులు కాసే దేవుడికి తల్లి రొమ్ముపాలు చాలు, కాస్త ఎండుగడ్డి చాలు. నాలుగో చరణంలో దేవదూతలు గాలంతా నిండి ఉండొచ్చు, కానీ ఆరాధన చేసింది మాత్రం తల్లి. ముద్దు పెట్టి.

ఇక్కడ ఆగాలి. విక్టోరియా కాలపు భక్తి కవిత్వంలో పాలతో నిండిన రొమ్ముని ఇంత మామూలుగా రాయడం చిన్న విషయం కాదు. అంతకన్నా ముఖ్యమైంది తర్కం. ఆరాధన అంటే ఏమిటో ఈ కవిత నిర్వచించేది ఇక్కడే. ఆ తల్లి పాలివ్వడమూ ముద్దు పెట్టడమూ బంగారం, సాంబ్రాణి, బోళం లాంటి కానుకలు కావు. రోజుకి పదిసార్లు చేసే పనులు. పసిపిల్లవాడు దానికి థాంక్స్ చెప్పడు. బొమ్మల్లో, పాటల్లో తప్ప ఆ వయసు పిల్లలు నవ్వరు కూడా. జవాబు రాని సేవ అంటే ఏమిటో ప్రతి బాలింతకీ తెలుసు. కవితలో మొదటి రసీదు లేని కానుక ఆమెది.

ఆ తర్వాతే చివరి చరణంలో 'నేను' మొదటిసారి నోరు విప్పుతుంది. అప్పటిదాకా ఆ గొంతు ఎక్కడుందో కూడా మనకి తెలీదు. ఏమిద్దామా అని వెతుక్కుంటుంది. కాపరికి గొర్రెపిల్ల ఉంది. జ్ఞానికి చెయ్యాల్సిన పని ఉంది. ఇక్కడ గమనించాల్సింది, కాపరి అనేది ఒక వృత్తి, జ్ఞాని అనేది ఒక హోదా. వాళ్ళేం తేవాలో ఆ వృత్తే చెబుతుంది. ఈ గొంతుకి వృత్తీ లేదు, హోదా లేదు. పేదరికమంటే కవితలో డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, ఆ గుడిసెలోకి వెళ్ళడానికి ఒక కారణం లేకపోవడం. 1870ల ఇంగ్లండులో ఒక పెళ్ళికాని స్త్రీకి చర్చిలో గురుపదవి దొరకదని గుర్తుంచుకుంటే ఈ మాట ఇంకొంచెం బరువెక్కుతుంది. హృదయం అన్నది అప్పుడు వస్తుంది. కవిత మొత్తంలో చిట్టచివర.

చివర రావడం ఎంత ముఖ్యమో తెలియాలంటే ఈ పాటకి జరిగిన ఒక అన్యాయం చెప్పాలి. దీనికి రెండు ప్రసిద్ధమైన వరసలున్నాయి. ఒకటి గుస్తావ్ హోల్‌స్ట్‌ది, 1906లో 'ద ఇంగ్లిష్ హిమ్నల్' కోసం కట్టింది. 'క్రానమ్' అని ఆ వరసకి ఒక గ్లోస్టర్‌షైర్ పల్లె పేరు. రెండోది హెరాల్డ్ డార్క్‌ది, 1909 నాటిది. 2008లో బీబీసీ మ్యూజిక్ మేగజీన్ కాయిర్ మాస్టర్లని అడిగితే అత్యుత్తమ కారల్‌గా వాళ్ళు ఎంచుకుంది డార్క్ వరసనే. సంగీతంగా చూస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ డార్క్ రెండు పనులు చేశాడు. నాలుగో చరణం, అంటే తల్లి ముద్దు ఉన్న చరణం, తీసేశాడు. మూడో చరణంలో పాలతో నిండిన రొమ్ము చోట ఉల్లాసంతో నిండిన హృదయం అని మార్చాడు.

మర్యాద కోసం చేసిన మార్పని తెలుస్తూనే ఉంది. కవితకి ఏమైందో చూడండి. చివర్లో మొదటిసారి రావాల్సిన హృదయం అన్న మాట ముందే వచ్చేసింది. అదీ తల్లిదిగా, అదీ ఉల్లాసంగా. రోసెటీ ఆఖరి మాటగా దాచిపెట్టుకున్నదాన్ని ముందే ఖర్చు పెట్టేశారు. పైగా పాలు పోయాయి, ముద్దు పోయింది. అంటే హృదయం ఇవ్వడమంటే ఒంటితో, చేతుల్తో చేసే పని అని చెప్పే రెండు ఆధారాలూ పోయాయి. ఇక మిగిలింది ఒట్టి భావన. గ్రీటింగ్ కార్డు అని వెక్కిరించే వాళ్ళు చాలామంది విన్నది ఈ రూపమే అయుండాలి. వాళ్ళ తీర్పు తప్పనను, వాళ్ళు చదివిన కవిత వేరు.

అయినా ఒక గట్టి ప్రశ్న మిగులుతుంది. హృదయం ఇస్తాననడం కన్నా చవకైన కానుక ఏముంది? గొర్రెపిల్లని ఇస్తే మందలో ఒకటి తగ్గుతుంది. హృదయం ఇస్తే ఏం తగ్గుతుంది? 'మనసుంటే చాలు' అని మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదు, డబ్బు తియ్యాల్సి వచ్చినప్పుడల్లా.

ఈ ప్రశ్నకి జవాబు కవితలో సగమే ఉంది. మిగతా సగం హైగేట్‌లో ఉంది. లండన్‌కి ఉత్తరాన హైగేట్‌లో సెయింట్ మేరీ మాగ్దలీన్ హోమ్ అని ఒకటుండేది. 'పతితలు' అని ఆ కాలం ముద్ర వేసిన ఆడవాళ్ళ కోసం చర్చి నడిపిన ఇల్లు. రోసెటీ 1859 నుంచి ఇంచుమించు 1870 దాకా అక్కడ జీతం లేకుండా పనిచేసింది. 'గోబ్లిన్ మార్కెట్' రాసిన కవయిత్రిగా ఆమెకి పేరొచ్చింది 1862లో, అంటే ఈ పని మధ్యలో. ఆమెని అక్కడ సిస్టర్ క్రిస్టీనా అని పిలిచేవాళ్ళు. తను సన్యాసిని కాదు. అక్క మరియా తర్వాత ఒక సిస్టర్‌హుడ్‌లో చేరిపోయింది, ఈమె చేరలేదు. మతం విషయంలో పట్టింపు మాత్రం తక్కువ కాదు: ఒక పెళ్ళి సంబంధం ఆయన కాథలిక్ అయ్యాడని వదులుకుంది, ఇంకొకటి ఆయనకి తగినంత నమ్మకం లేదని.

అంటే హృదయం ఇస్తాననే ఆ గొంతు పనిచేసి వచ్చిన గొంతు. దశాబ్దం పాటు. విశేషమేమిటంటే ఆ పని ప్రస్తావన కవితలో ఒక్క అక్షరం కూడా లేదు. ఇవాళ ఎవరైనా వారాంతంలో రెండు గంటలు వాలంటీరుగా వెళ్ళొస్తే పద్నాలుగు ఫోటోలొస్తాయి.

దీన్ని సంతకథగా ముగించడం నాకిష్టం లేదు. హైగేట్ హోమ్‌కి రెండో వైపు ఉంది. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళు తమంతట తామే వచ్చేవాళ్ళన్నది నిజం. కానీ లోపల కఠినమైన క్రమశిక్షణ, రోజంతా పని, ప్రార్థన. ఆ కాలంలో ఇలాంటి హోముల ఉద్దేశం ఆ అమ్మాయిల్ని ఇళ్ళల్లో పనిమనుషులుగా తయారుచేయడం. ఇంగ్లీషులో 'సర్వీస్' అన్న మాటకి ఆ రోజుల్లో మొదటి అర్థం అదే, పెద్దింట్లో పనికి కుదరడం. రోసెటీకి సేవ అంటే తను ఎంచుకుని ఇచ్చేది. అదే గదిలో ఆమె ఎదురుగా కూర్చున్న అమ్మాయికి సర్వీస్ అంటే కడుపు నింపుకోవడానికి దొరికిన ఒకే దారి. ఇద్దరూ అదే చాపెల్‌లో మోకరిల్లారు. ఇష్టపూర్వకంగా ఇవ్వాలంటే, ముందు ఇవ్వకుండా ఉండే వీలు ఉండాలి. ఆ వీలు వాళ్ళలో ఒకరికే ఉంది.

కవిత దీన్ని చూసిందా? చూడలేదనే అనుకుంటాను. చివరి చరణంలో 'పేద' గొంతు ఒక మధ్యతరగతి స్త్రీ అరువు తెచ్చుకున్న గొంతు. రోసెటీల ఇల్లు సంపన్నుల ఇల్లు కాదు. తండ్రి గేబ్రియెలీ ఇటలీ నుంచి పారిపోయి వచ్చిన కవి, ఆయన ఆరోగ్యం పాడయ్యాక అక్క మరియా పిల్లలకి పాఠాలు చెప్పే గవర్నెస్‌గా వెళ్ళాల్సి వచ్చింది. క్రిస్టీనా కూడా తల్లి నడిపిన చిన్న బడిలో సాయం చేసింది. అయినా కొట్టంలో నిలబడ్డ పేదరికం అది కాదు. హోమ్‌లోని అమ్మాయి గనక ఈ చివరి చరణం పాడి ఉంటే, నేను ఇప్పటికే అన్నీ ఇచ్చేశాను, ఇంకేం మిగిలింది అని అడిగి ఉండేది. ఆ చరణం ఎవరూ రాయలేదు. కవితలో నాకు కనబడే లోటు ఇదే. సెంటిమెంటు గురించిన ఫిర్యాదు దీని ముందు చాలా చిన్నది.

మరి ఆ జవాబు లేకపోవడం, రసీదు లేకపోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకటి ఆమె స్వభావం అయ్యుండొచ్చు. ఇంకొకటి ఆమె పెరిగిన చర్చి. ఆక్స్‌ఫర్డ్ ఉద్యమంవాళ్ళకి 'రిజర్వ్' అని ఒక సిద్ధాంతం ఉంది. పవిత్రమైన విషయాన్ని నలుగురిలో పరిచెయ్యకూడదు, కొంత దాచుకోవాలి, దేవుడు కూడా తనని కొంచెంకొంచెంగానే చూపిస్తాడు అని. ఐజక్ విలియమ్స్ దీని మీద రెండు ట్రాక్టులు రాశాడు, 1838లో ఒకటి, 1840లో ఒకటి. రోసెటీ ఆ గాలి పీల్చి పెరిగింది. డ్రమ్మర్ బాయ్ పాటలోలా పసివాణ్ణి నవ్వించడం ఆమెకి చేతకాక కాదు, అది మర్యాద తప్పడం. దేవుడి తరఫున ఆమె మాట్లాడదు.

నా వృత్తిలోంచి ఒక పోలిక, విసుగనిపిస్తే దాటెయ్యండి. నెట్‌వర్కులో సమాచారం పంపడానికి రెండు పద్ధతులున్నాయి. టీసీపీలో పంపినదానికి అందినట్టు జవాబు రావాలి, రాకపోతే మళ్ళీ పంపుతుంది. యూడీపీలో పంపేసి ఊరుకోవడమే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెబితే రెండోదాన్ని నమ్మరు. జవాబు లేకుండా ఎలా పంపుతారు అని కంగారు. మనకి జవాబు అంత అలవాటైపోయింది.

ఇది ఆఫీసుల్లో డిసెంబరు నెలలో బాగా కనబడుతుంది. సీక్రెట్ సాంటా, దాని వెనకే 'గివింగ్ బ్యాక్' వారం. అనాథాశ్రమానికి బస్సు, ఒకే రంగు టీషర్టులు, కేకు, ఫోటో. వాలంటీరు గంటలు పోర్టల్లో ఎక్కించాలి, మేనేజరు అప్రూవ్ చెయ్యాలి, సర్టిఫికెట్ మెయిల్లో వస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాలి. మనం సొంతంగా చందా ఇచ్చినా 80జి రసీదు వచ్చిందా అని అడుగుతాం. దీన్ని తిట్టను. సంస్థల దగ్గర లెక్క ఉండాలి, లేకపోతే డబ్బు ఎటో పోతుంది. రామదాసు కథకి అసలు కారణం లెక్క తేలకపోవడమేగా. నాకు ఇబ్బంది అనిపించేది వేరు. ఆ ఆశ్రమంలో పిల్లలు నవ్వాలని ఎదురుచూస్తాం. ఫోటోకి నవ్వమని చెబుతాం కూడా. డ్రమ్ము వాయించి నవ్వు వసూలు చేసుకునే పాటకీ, దానికీ పెద్ద తేడా లేదు. ఆ పిల్లల్లో ఒకరు ముభావంగా ఉంటే బస్సులో తిరిగొస్తూ ఎవరో ఒకరు ఆ మాటే ఎత్తుతారు.

కుచేలుడి కథలో నాకు బాగా నచ్చే భాగం మేడ కాదు. పోతన దశమస్కంధంలో, ద్వారక నుంచి తిరిగొచ్చే దారి. చేతిలో ఏమీ లేదు. అడగడానికి వెళ్ళినవాడు అడగలేదు, ఇస్తాడనుకున్నవాడు ఇచ్చినట్టు కనబడలేదు. డబ్బొస్తే మదించి తనని మర్చిపోతాడని ఇవ్వలేదేమో అని తనకి తానే సర్దిచెప్పుకుంటాడు. ఆ కొంత దూరం కుచేలుడు రసీదు లేని మనిషి. అయినా అతని సంతోషం తగ్గలేదు. తర్వాత మేడ కనబడేసరికి కథ మామూలు దారిలో పడిపోతుంది. రోసెటీ కవిత ఆ దారి మధ్యలోనే ఆగిపోయిన కుచేలోపాఖ్యానం.

ఈ కవితని తెలుగు చెయ్యాలని ఒకసారి కూర్చున్నాను. ఆఖరి మాట దగ్గర ఇరుక్కుపోయాను. ఇంగ్లీషులో అది ఒక్క అక్షరం పదం, ఇంట్లో వాడే పదం. మొదటి చరణంలోని లోహం, రాయి, మంచులాగే చిన్నది, గట్టిది. మనకి హృదయం అంటే చర్చి, తెలుగు బైబిల్ సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో తండ్రి కొడుకుని అడిగేదీ హృదయమే. బరువైన సంస్కృతం. అంతసేపు గడ్డీ పాలూ అని మాట్లాడిన గొంతు ఉన్నట్టుండి ప్రసంగం మొదలెట్టినట్టు ఉంటుంది. గుండె అంటే ధైర్యం, లేదంటే కార్డియాలజిస్టు. మనసు బావుంటుంది, కానీ 'మనసిచ్చాను' అనగానే సినిమా డ్యూయెట్ మొదలవుతుంది. సిద్ధాంతం ప్రకారం మూడూ సరైనవే, పాటలో మూడూ పనికిరావు.

అప్పుడు తట్టింది, తెలుగులో మనసుని ఇవ్వడం కన్నా పెట్టడం ఎక్కువ. మనసు పెట్టి చదువు. మనసు పెట్టి వండింది. పని మీద మనసు లేదు. ఇచ్చేస్తే మన దగ్గరుండదు. పెట్టడం అంటే పనిలో ఉంచడం, ప్రతిసారీ మళ్ళీ పెట్టాలి. తల్లి పాలిచ్చినట్టు, రోజుకి పదిసార్లు. రోసెటీ మూడో చరణానికీ అయిదో చరణానికీ మధ్య ఉన్న సంబంధం మన వాడుకలో ఒక్క క్రియాపదంలో దొరుకుతోంది. అనువాదం మాత్రం కుదరలేదు. 'మనసు పెడతాను' అంటే హోమ్‌వర్కు చేస్తానని మాటిచ్చినట్టుంది.

ఇక వినాలనుకుంటే. హోల్‌స్ట్ వరసలో అయిదు చరణాలకీ ఒకటే బాణీ. ఎవరైనా పాడొచ్చు, గొంతు అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళు కూడా. చివరి చరణానికి ప్రత్యేకమైన మెరుపులేమీ లేవు. మంచు గురించి పాడిన స్వరాల్లోనే హృదయం గురించి పాడి ఆపేస్తారు. పాలు, ముద్దు రెండూ ఉంచే కాయిర్‌ని ఎంచుకోండి, కొన్ని చోట్ల అక్కడ కూడా కత్తెర వేస్తారు. డార్క్‌ది ఇంకా అందంగా ఉంటుంది, ఒక గొంతుతో మొదలై గుంపు వచ్చి చేరుతుంది, ఇప్పుడు చాలా కాయిర్లు రొమ్ముపాల మాటని తిరిగి పెట్టేసుకున్నాయి కూడా. కానీ ఆఖర్లో ఆ ఇస్తానన్న మాటని డార్క్ మళ్ళీ పాడిస్తాడు, మెల్లగా, స్వరం తగ్గించి. విన్న ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. ఆ వెంటనే అనిపిస్తుంది, రోసెటీ ఒక్కసారే అంది కదా. రెండోసారి ఎందుకు, వినబడలేదేమోననా?